దొంగ చంకలో పిల్ల

'అద్భుతం' అనే మాట నాకు ఇప్పటికీ గిట్టదు. ఆ ఎండాకాలం మా చేలో వేసిన గుడారాల ముందు కూర్చుని, నేను వండిన నాటుకోడి పులుసు తిని, మూతి తుడుచుకుంటూ ఆకాశంలోకి చూసి ఆ మాట అనని మనిషి లేడు. చుక్కలు అద్భుతం, ఇసుక అద్భుతం, చీకటి అద్భుతం. మా అత్త కన్నీళ్ళు మరీ అద్భుతం. పులుసులో ఉప్పు కొంచెం ఎక్కువైందని మాత్రం ఒకరిద్దరు చెప్పారు.

మా ఊరు బస్తర్‌లో, భోపాల్‌పట్నం దాటాక ఇంద్రావతి ఒడ్డున ఉంటుంది. నేను చర్ల నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన రోజుల్లో పొద్దు గూకితే నక్సలైట్లకూ పోలీసులకూ జడిసి దీపం చిన్నది చేసుకుని తలుపులు బిగించుకునేవాళ్ళం. ఇప్పుడు రోడ్డు పడింది, టవరు లేచింది, వాటి వెంట నగరాల కార్లు వచ్చాయి. ఇక్కడేముందని వస్తారంటే, చీకటి చూడటానికట. ఇన్నేళ్ళు మేం ఎవరికీ చెప్పుకోలేక భరించిన చీకటే అది.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదిరి మంచాలు వాకిట్లోకి వచ్చిన మొదటి సాయంత్రం ఇంటి పెద్ద అందరి ముందూ ముసలమ్మ మంచం లెక్కపెట్టాలి. ఉత్తరాన కనబడే ఆ చుక్కల్ని చదువుకున్నవాళ్ళు సప్తర్షులంటారు. ఇక్కడివాళ్ళకు అది మంచం. మంచం కోళ్ళు నాలుగూ నాలుగు చుక్కలు. దాని వెనక వరసగా ముగ్గురు దొంగలు. ముసలమ్మ కునుకు తీస్తే మంచం ఎత్తుకుపోదామని వాళ్ళ కాపలా. ముగ్గురిలో నడిమివాడి పక్కనే, కళ్ళు చిట్లించి చూస్తే, సన్నని చుక్క ఇంకొకటి ఉంటుంది. అది దొంగ చంకలో పిల్ల. ఇంటి దగ్గర చూసుకునే దిక్కు లేక, దొంగతనానికి పిల్లను కూడా ఎత్తుకొచ్చాడట పాపం. మా చర్ల వైపు పెళ్ళిళ్ళలో అరుంధతి అని చూపించేది దాన్నే. నా పెళ్ళిలో పంతులు పట్టపగలు ఆకాశంలోకి వేలు చూపించి కనబడిందా అంటే, అందరు పెళ్ళికూతుళ్ళలాగే నేనూ కనబడిందని తల ఊపాను.

ఇక్కడ దానికి వేరే పని ఉంది. పిల్ల కనబడినంత కాలం ఆ మనిషిదే పెద్దరికం. విత్తనాల గది తాళంచెవి ఆ మనిషి దగ్గరే ఉంటుంది, ఏ చేలో ఏం వేయాలో ఆ మనిషే చెప్పాలి. లెక్క ఎనిమిది దాకా పోక ఏడు దగ్గర ఆగిందంటే చూపు పోయినట్టు. అప్పటికప్పుడు తాళంచెవి ఇంకొకరికి ఇచ్చేయాలి. ఎవరికన్నది ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఆడా మగా అని లేదు. మా మామ పోయే ముందు ఏడు దగ్గర ఆగిపోయి, తమ్ముళ్ళిద్దరూ చూస్తుండగా తాళంచెవి భార్యకు ఇచ్చాడు.

"కనబడకపోయినా కనబడిందని చెప్తే ఎవరికి తెలుస్తది అత్తా?" అని కొత్తలో ఒకసారి అడిగాను.

మా అత్త సోమక్క నన్ను ఎగాదిగా చూసింది. "చుక్కల మీద ఎవరన్న అబద్ధమాడుతరా నవీనా?" అంది.

ఆ ఏడాది మొదటి సాయంత్రం కూడా ఆమె వాకిట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, వేలు పైకెత్తి నింపాదిగా లెక్కపెట్టింది. "నాలుగు కోళ్ళు. ఒకడు. ఇద్దరు. ముగ్గురు. ఇగో, నా మీనా."

మీనా నా మొగుడి చెల్లెలు. ఆరేళ్ళ పిల్లప్పుడు జ్వరంతో పోయింది. నేను ఆ పిల్లను చూడలేదు. అప్పటినుంచి మా అత్త ఆ చుక్కను దొంగ పిల్ల అనడం మానేసింది, పేరు పెట్టి పిలుస్తుంది. ఏడవదు. సంతకు పోయిన కూతురు మూల మలుపులో కనబడితే ఎలా అంటారో అలా 'ఇగో' అంటుంది.

పక్క మంచం మీద ఫోను చూసుకుంటున్న నా మొగుడు భానుప్రసాద్ లేచి కూర్చున్నాడు. "అమ్మా, గదే ఇంకోసారి చెప్పు" అని ఫోను ఆమె ముఖం ముందు పెట్టి వీడియో తీస్తూ, దాని దీపం కూడా వెలిగించాడు. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చెప్పింది. కొడుకు అడిగాడు కదా మరి.

భానుప్రసాద్‌కు ఏ పనీ రెండు వానాకాలాలు నిలవదు. జీపు కొన్నాడు, అమ్మేశాడు. ఫోన్ల దుకాణం పెట్టాడు, మూసేశాడు. ఈసారి మాత్రం వారం తిరక్కుండానే, చుక్కలు చూడవచ్చే నగరాలవాళ్ళ కోసం నది వైపు చేలో గుడారాలు లేచాయి. జొన్న కోసిన చేను, ఖాళీగానే ఉంది కదా అని అతని వాదన.

"వానలు పడేదాకనే" అంది అత్త. "తర్వాత నా జొన్న నేను ఏసుకుంట."

"గట్లనే అమ్మా" అన్నాడు. అదే నోటితో వచ్చినవాళ్ళకు చేలో అడుగులు వేసి చూపించేవాడు, వచ్చే ఏడాదికి ఇక్కడ సిమెంటు గదులు, అక్కడ స్నానాల కొలను అని. నా చేతిలో అన్నం గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏదో ఒకటి విసిరేదాన్ని.

జగదల్‌పూర్ నుంచి ఊర్మిల అనే అమ్మాయి దుర్భిణి పట్టుకుని వచ్చింది. సైన్సు చదివిందట. ఆ గుడారాల్లో నాకు రోత పుట్టించని మనిషి ఆమె ఒక్కతే. మొదటిరోజు, ఇంకా ఎవరూ రాకముందు, అత్తను పిలిచి ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, గొట్టం నడిమి దొంగ వైపు తిప్పింది. తాను హిందీలో చెప్పేది, నేను అత్తకు తెలుగులో చెప్పేదాన్ని. అత్తకు వచ్చింది బజారు హిందీయే. గిట్టుబాటు కాదు, తూకం సరిగ్గా వెయ్యి, అంతవరకే.

అత్త ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "వీని పక్కన ఇంకోడు ఉన్నడు. ఎవడు వీడు?"

నడిమి దొంగ ఒక్కడు కాదు, ఇద్దరు, ఉత్త కంటికి కలిసిపోయి ఒక్కడిలా కనబడతారని ఊర్మిల చెప్పింది. అత్త నవ్వింది. "దొంగలు గదా, ఒకని ఎనకాల ఒకడు దాసుకుంటరు." మళ్ళీ కన్ను ఆనించి, "మరి నా బిడ్డ ఏది?" అని అడిగింది. ఊర్మిల గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపింది.

"గంత దూరం ఉన్నదా?"

"ఇక్కడి నుంచి చూస్తే పక్కపక్కన ఉన్నట్టు కనబడతారట అత్తా. నిజానికి మధ్యలో చాలా దూరం ఉందట."

"చంకల లేదా అయితే?"

"లేదట. విడిగానే ఉందట."

ఆమె గొట్టం వదిలి చీరకొంగుతో కన్ను తుడుచుకుంది. "మంచిగయింది" అంది. "ఇన్నేండ్లు పరాయోని చంకల ఉన్నదనుకుంటి."

నేను ఊర్మిలకు ఆ మాట హిందీలో చెప్పాను. ఆ పిల్ల దుర్భిణికి మూత పెడుతూ పెడుతూ ఆగిపోయింది. భానుప్రసాద్ కూడా అక్కడే నిలబడి విన్నాడు. అతనికి ఇందులో వినబడింది ఒక్కటే, ఇంకో చుక్క దొరికిందని. ఆ వారాంతం వచ్చిన రాయ్‌పూర్ దంపతులకు, గొట్టంలో కొత్తగా కనబడ్డ ఆ దొంగను చూపించి మీకు ఇష్టమైన పేరు పెట్టుకోండి అన్నాడు. వాళ్ళు చచ్చిపోయిన తమ కుక్క పేరు పెట్టారు. బ్రూనో. అందరూ ఆకాశంలోకి చూసి బ్రూనో బ్రూనో అని అరిచి చప్పట్లు కొట్టారు. ఊర్మిల దుర్భిణి వెనక తల దించుకుంది. కుక్క మీద నాకేం కోపం లేదు. అది పోయినప్పుడు వాళ్ళు నిజంగానే ఏడ్చి ఉంటారు.

ఆ తర్వాత శని ఆదివారాలు వస్తున్నాయంటేనే నాకు వెగటు పుట్టేది. వచ్చినవాళ్ళు కారు దిగుతూనే తడి కాగితాలతో చేతులు తుడుచుకుని వాటిని మా కంది కట్టెల మీద పడేసేవాళ్ళు. సీసాలు ఇసుకలో పాతేవాళ్ళు. వాళ్ళకు అడవి మనుషులు కావాలి. మేం మామూలు రైతులం, మా ఇంటి వెనక ఉండే ఆయతు మాత్రం దొర్ల తెగవాడు. అతను పాంటూ చొక్కా వేసుకుని మోటారుసైకిలు మీద సంతకు పోయే మనిషి. డోలు బాగా వాయిస్తాడు. అతని నెత్తిన భానుప్రసాద్ ఎక్కడినుంచో తెచ్చిన కొమ్ముల టోపీ పెట్టాడు.

"ఇది మావోళ్ళది కాదు భానన్నా, మా తాత గూడ పెట్టలే" అన్నాడు ఆయతు.

"వాళ్ళకేం ఎరికె? పెట్టుకో."

మా అత్తకు కూడా నగరం నుంచి తెప్పించిన తెల్ల ముతక చీర, మెడలో పూసలు. ఆమె తన గళ్ళ చీర మడిచి పక్కన పెట్టి ఆ వేషం కట్టింది. నేను వద్దన్నాను. "పోనీ బిడ్డా" అంది. "మీనా గురించి అడుగుతున్నరు. ముప్పై ఏండ్లల్ల ఒక్కలన్న అడిగిన్రా?"

నేను కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆమె మంటకు అవతల మంచం మీద కూర్చుని, వేలు ఎత్తి మంచం లెక్కపెట్టి, ఎనిమిదో చుక్క దగ్గరకు వచ్చాక బిడ్డ కథ చెప్పేది. ఎప్పుడూ ఒకే తీరుగా. "వాన పడుతుండె. పిల్ల ఒళ్ళు పెనం లెక్క కాలుతుండె. మా పెద్దోన్ని జీపు కోసం తోలిన. పిలగాడు చెప్పులు లేకుంటనే ఉరికిండు. ఎంత తిరిగినా జీపు దొరకలే. వాని తప్పేం లేదు." కొడుకు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆమె గొంతు మెత్తబడేది. అంతా చెప్పి, అలసిపోయి, నా భుజం పట్టుకుని ఇంటికి వచ్చేసేది. కథను అతిథులకు అర్థమయ్యేలా చెప్పే పని భానుప్రసాద్‌ది, ఆమె వచ్చేశాక.

మొదటి వారమే నేను విన్నాను. అత్తను ఇంట్లో దింపి, అన్నం గంప తీసుకుని మళ్ళీ చేలోకి వచ్చేసరికి అతను మంట ముందు నిలబడి హిందీలో చెబుతున్నాడు. ఎదురుకాల్పులట. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లట. ఎక్కడినుంచో ఒక తూటా. అక్కడ గొంతు తగ్గించి, మంటలోకి చూసి, కాసేపు ఆగాడు. "ఆ తూటా ఎవరిదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు" అన్నాడు. ఒకావిడ ముఖం మీద చెయ్యి పెట్టుకుంది. ఒకాయన ఎముక చీకుతున్నవాడు చీకడం ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు.

నాకు ఓకరింత వచ్చింది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే గంప కింద పెట్టి చేను గట్టు మీదికి పోయి కక్కుకున్నాను.

ఆ రాత్రి నిలదీశాను. "నీ చెల్లె జ్వరంతో పోయింది."

"జ్వరం ఎవడు వింటడే?" అన్నాడు చెప్పులు విడుస్తూ. "జ్వరాలు వాళ్ళ ఊర్ల లేవా? బస్తర్‌కు వచ్చినోళ్ళకు తూటా కావాలె. ఒక్క మాట మారిస్తే ఎవనికి నష్టం?"

"అమ్మకు చెప్తా."

"చెప్పు. చెప్పి చంపు ముసల్దాన్ని. నాలుగు దినాలు మంచిగ నవ్వుతున్నది, చూడలేకపోతున్నవా?"

అత్తకు చెప్పలేదు. అతను నాకు కట్టిన ముకుతాడు అదే, అత్త సంతోషం. తెలుగువాళ్ళు వచ్చిన రోజు కథ జ్వరంగానే ఉండేది. హిందీవాళ్ళు వస్తే తూటా. పూటకో చావు. కూర ఎవరికి ఎంత కారం కావాలో కనుక్కుని వడ్డించినట్టు వడ్డించేవాడు. నేను గరిటె తిప్పుతూ, ఇతని పక్కన ఇన్నేళ్ళు ఎలా పడుకున్నానా అనుకునేదాన్ని.

మే నెల నడిమిలో నాగ్‌పూర్ గుంపు ఒకటి వచ్చింది. అందులో ఒకామె ఖమ్మం పిల్ల, నాగ్‌పూర్ కోడలు. స్కూల్లో పాఠాలు చెబుతుందట. ఆమె నోరు విప్పకపోవడంతో భానుప్రసాద్‌కు ఆ సంగతి తెలియలేదు. ఆమె మాత్రం ముందు అత్త తెలుగు, తర్వాత కొడుకు హిందీ, రెండూ విన్నది. తెల్లారి కార్లు బయల్దేరే వేళకు ఇంటికి వచ్చింది. అత్త గడపలో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది, నేను పొయ్యి అలుకుతున్నాను.

ఆమె అత్త పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు జ్వరం అన్నావు, మీ అబ్బాయి తూటా అన్నాడు. భయపడి జ్వరం అని చెబుతున్నావా?"

అత్త చేట ఆపింది. "తూటా ఏంది బిడ్డా?"

"మీ పాపకు తగిలిన తూటా."

అత్త నా వైపు చూసింది. అలుకు గుడ్డ పట్టుకున్న నా చెయ్యి కదల్లేదు. ఆమె మళ్ళీ ఆ టీచరమ్మ వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా, "జ్వరమే బిడ్డా. ఒట్టు జ్వరమే" అంది.

టీచరమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. అత్త చెయ్యి నొక్కి, "అర్థమైందమ్మా. చెప్పకు. ఎవరికీ చెప్పకు" అంది. లేచి, నా వైపు జాలిగా తల ఊపి వెళ్ళిపోయింది. మంచి మనిషే. మంచి మనిషికి కూడా తూటాయే నిజంగా తోచింది. ఆవిడ వెనకాలే అరుస్తూ పరుగెత్తి, జ్వరం జ్వరం అని చెప్పి రావాలనిపించింది. పోయి చెప్పినా నన్ను కూడా అలాగే చూసి ఉండేది.

అత్త మళ్ళీ చేట అందుకుంది. పొట్టు ఎగిరిపోయాక గింజలు కూడా కొన్ని కింద పడుతున్నాయి, ఆమె చూసుకోవడం లేదు.

"నీకెరికేనా?"

"ఎరికే అత్తా."

"ఎన్నడు సంది?"

"మొదటి వారం సంది."

నన్ను తిట్టినా బాగుండేది. చేట పక్కన పెట్టి, కింద పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరుతూ, నేల వైపే చూస్తూ చెప్పింది.

"ఆనాడు జీపు దొరికింది నవీనా. జీపాయన ఇంట్లనే ఉన్నడు. పక్కింట్ల వీడియో ఆడుతుండె. మావోడు పిలువబోయి, తలుపుల నిలబడి చూసి, ఆడనే కూసున్నడు. పదమూడేండ్ల పోరడు. సినిమా అయిపోయినాంక చెప్పిండట, చెల్లెకు జ్వరమని. వాళ్ళు వచ్చేటాల్లకు నా ఒళ్ళె పిల్ల సల్లబడ్డది."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"జీపాయన. ఏడ్చుకుంట చెప్పిండు. మావోనికి తెల్వదు నాకెరికని. మీ మామకు గూడ చెప్పలే, చంపుతడని. జీపు దొరకలే, జీపు దొరకలే అని ఊరందరికి చెప్పిన." గింజలు గుప్పిట్లో పట్టుకుని లేచింది. "నేను వాన్ని దాసిన. వాడు నా బిడ్డను అమ్ముకున్నడు."

ఆ వారమంతా ఆమె మామూలుగానే ఉంది. భానుప్రసాద్ మాత్రం గాల్లో తేలుతున్నాడు. ఆ శనివారం ఢిల్లీ నుంచి పెద్ద గుంపు వస్తోంది, వాళ్ళతో పెద్ద కెమెరా పట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు. ఆ వీడియో బయటికి పోతే సిమెంటు గదులు లేచినట్టేనట. "ఎనిమిదో చుక్క దగ్గర జర ఆగమ్మా" అని నేర్పాడు తల్లికి. "కెమెరా దగ్గరికొస్తది. కంట్ల నీళ్ళొస్తే తుడుచుకోకు."

అత్త సరే అంది. తెల్ల చీర కట్టలేదు. తన గళ్ళ చీరే కట్టుకుంది. అతను చూసి పళ్ళు నూరాడు గానీ, కెమెరా అప్పటికే తిరుగుతోంది.

చీకటి పడింది. ఉత్తరాన మంచం బాగా పైకి వచ్చి ఉంది. మబ్బు తునక లేదు. చిన్న చుక్క నాకు కూడా స్పష్టంగా కనబడుతోంది. ఆయతు కొమ్ముల టోపీతో డోలు మీద మెల్లగా వేళ్ళు ఆడిస్తున్నాడు. అత్త వేలు ఎత్తింది.

"నాలుగు కోళ్ళు. ఒకడు. ఇద్దరు. ముగ్గురు."

ఆగింది. కెమెరా ఆమె చెంప దాకా వచ్చింది. భానుప్రసాద్ ముందుకు వంగాడు.

"ఏడు" అని చెయ్యి దించేసింది.

"ఎనిమిదోది అమ్మా" అన్నాడు అతను నవ్వు ముఖంతో, పళ్ళ సందు నుంచి. "మన మీనా. చూపించు."

"ఆడ ఏం లేదు."

"అమ్మా."

"ఏం లేదంటున్న గదరా. ముగ్గురు దొంగలే ఉన్నరు."

అతను ఊర్మిలకు సైగ చేశాడు. ఊర్మిల గొట్టం తిప్పి అత్తను కూర్చోబెట్టింది. అత్త కన్ను ఆనించి చూసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి, పేరు పలికినట్టు. తర్వాత తల తిప్పి, "దీంట్ల గూడ లేదు" అంది.

చుక్కల మీద ఎవరన్నా అబద్ధమాడతారా అని నన్నడిగిన మనిషి. ఆమె చూపు నాకు తెలుసు, మసక వెలుతురులో ఎర్రజొన్నలోంచి రాయి ఏరే చూపు. అతని చేతిలోంచి కూతుర్ని లాక్కోవడానికి ఆమెకు ఇదొక్కటే దారి దొరికింది. దానికి ధర ఏమిటో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. లేచి నిలబడి కొంగు ముడి విప్పింది. విత్తనాల గది తాళంచెవి తీసి, కొడుకు చాచిన చేతిని దాటి వచ్చి, నా కొంగుకు కట్టింది. ముడి గట్టిగా బిగించి, లాగి చూసుకుంది.

ఆయతు డోలు మీంచి చేతులు తీసేశాడు. కొమ్ముల టోపీ కూడా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఇంటివాళ్ళు కాక అక్కడున్నవాళ్ళలో జరిగింది ఏమిటో అర్థమైనవాడు అతనొక్కడే. ఇది కూడా ఆటలో భాగమనుకుని ఢిల్లీవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అద్భుత్" అన్నాడు కెమెరా మనిషి. "ఇంకోసారి కట్టమని చెప్పండి, ముడి దగ్గరగా తీసుకుంటాను."

నేను అత్త భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను. వెనక భానుప్రసాద్ హిందీలో ఏదో చెబుతున్నాడు. ఏం చెప్పాడో వినలేదు, వినాలనీ లేదు.

తెల్లారి కార్లు వెళ్ళిపోయాక, చేలో జొన్న వేస్తున్నాను, గుడారాలు తీసెయ్ అని చెప్పాను.

"ఎవర్ని అడిగినవ్?"

కొంగు ముందుకు లాగి చూపించాను. అతను దాన్ని చూశాడు, ఇంటి వైపు చూశాడు. "ముసల్దానికి కండ్లు పోయినయ్. నీకు కండ్లు నెత్తికెక్కినయ్" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ఊరివాళ్ళను పిలిచి పంచాయితీ పెడతానన్నాడు. పిలిస్తే ఆయతే ముందు నోరు విప్పుతాడని అతనికి తెలుసు, పిలవలేదు. సాయంత్రానికి గుడారాలు లారీ ఎక్కాయి. నేనూ ఆయతు పెళ్ళామూ కలిసి ఇసుకలోంచి సీసాలు తవ్వి తీశాం. ఎంత తవ్వినా ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఊర్మిల పోతూ పోతూ అత్త కాళ్ళకు దండం పెట్టింది. నాతో మాత్రం వాకిలి దాటాక చెప్పింది. "నిన్న గొట్టం సరిగ్గా ఆ చుక్క మీదే పెట్టాను దీదీ. ఆమెకు కనబడింది."

"నాకు తెలుసు" అన్నాను.

తాళంచెవి తీసుకున్న మనిషి కూడా అందరి ముందూ లెక్కపెట్టాలి, అప్పుడే పద్ధతి పూర్తయినట్టు. తొలి మబ్బులు రాకముందే ఆ పని కానిచ్చేద్దామని ఒక సాయంత్రం మూడు మంచాలు వాకిట్లో వేశాను. ఒళ్ళంతా చెమట, ఆకు కదలడం లేదు. అత్త ఒక పక్క, భానుప్రసాద్ ఒక పక్క, నడుమ నేను. ఆయతు, అతని పెళ్ళాం దడి అవతల నిలబడ్డారు. భానుప్రసాద్ ఫోను పక్కన పడేసి మాకు వీపు తిప్పి పడుకున్నాడు. కొన్ని రోజులుగా అతను నాతో మాట్లాడటం లేదు. నాకు అది హాయిగానే ఉంది.

వేలు ఎత్తాను. పెళ్ళిలో పంతులికి చెప్పిన అబద్ధం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఈసారి తొందరపడకుండా చూశాను.

"నాలుగు కోళ్ళు. ఒకడు. ఇద్దరు. ముగ్గురు." నడిమివాడి పక్కన చూపు నిలిపాను. చంకలో కాదు, విడిగా, తన జాగాలో తాను ఉంది. "ఎనిమిది. మీనా. ఆరేళ్ళ పిల్ల. జ్వరంతో పోయింది."

దడి అవతల నుంచి ఆయతు ఊ కొట్టాడు. అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి, ఉత్తరం వైపే చూస్తున్నాయి. ఆయతు వాళ్ళు వెళ్ళిపోయారు. అందరం నిద్రపోయినట్టే ఉన్న సమయంలో ఆమె గొంతు వినబడింది. కోపం లేదు అందులో. ఎప్పటినుంచో అడగాలనుకుని మరిచిపోతూ వస్తున్న సంగతి గుర్తొచ్చినట్టు అడిగింది.

"భానూ. ఆనాడు ఆడింది ఏం సినిమారా?"

నేను పక్కకు తిరిగి చూశాను. ఆ ఉక్కలో భానుప్రసాద్ కాళ్ళ దగ్గరి దుప్పటి లాక్కుని, తల మీదినుంచి కప్పుకున్నాడు.